పేర్రాజు గారి సిగ్నలు

గోదావరి వైపు మనిషి ఒంటరిగా జబ్బు పడడు. ఒకరికి జ్వరం తగిలిందంటే ఆ కబురు కాలువ గట్టు వెంట బస్సు కంటే ముందు ప్రయాణం చేస్తుంది. మర్నాడు పొద్దెక్కేసరికి ఆస్పత్రి గుమ్మంలో వ్యాను ఆగుతుంది. అందులోంచి బాబాయిలు, పిన్నమ్మలు, వియ్యంకులు, వియ్యంకుల బావమరుదులు, చాపలు, దిండ్లు, క్యారేజీలు, ఒక కొబ్బరిబోండాల గెల వరసగా దిగుతాయి. దిగినవాళ్ళలో కొందరికి రోగి అసలు పేరు తెలియదు. జబ్బు పేరు మాత్రం అందరికీ తెలుసు, దానికి మందు కూడా తెలుసు.

ఇవేవీ మంగతాయారుకి తెలియని సంగతులు కావు. ఆ నీళ్ళు తాగి పెరిగిన మనిషే. ఆమె చేసే పని ఆస్పత్రులకు వైర్‌లెస్ వెయ్యడం. రోగి గుండె ఎలా కొట్టుకుంటోందీ, సెలైన్ సీసా ఎంత దిగిందీ, పసివాడి ఒళ్ళు ఎంత వెచ్చగా ఉందీ, అన్నీ గాలిలోంచి నర్సు బల్ల మీది కంప్యూటరుకి చేరాలి. ఏ గోడ ఎంత అడ్డమో ముందే కొలిచి, కప్పుకి తెల్ల పెట్టెలు బిగించాలి.

డాక్టరు విశ్వేశం గారు కాలువ ఒడ్డున మూడంతస్తుల కొత్త ఆస్పత్రి కట్టించినప్పుడు ఆ కొలతలు తాయారే తీసింది. సున్నం వాసన ఇంకా పోని ఖాళీ భవనంలో, ఒక చక్రాల కుర్చీలో లాప్‌టాప్‌ని కూర్చోబెట్టి, ఏదో ముసలాయన్ని గాలికి తిప్పుతున్నట్టు అంతస్తులన్నీ తోసుకుంటూ తిరిగింది. ఎక్స్‌రే గది సీసం గోడలు, లిఫ్టు ఇనప గొయ్యి, డాక్టరు గారి అత్తగారు పూజగదికి చేయించిన వెండి తలుపు, ఏదీ వదల్లేదు. సిగ్నలు బాగున్నచోట మ్యాపు మీద పచ్చ, లేనిచోట ఎరుపు. ప్రారంభోత్సవానికి ముందు సాయంత్రం భవనమంతా ఊడ్పులయిన వరిచేనులా పచ్చగా ఉంది.

మర్నాడు రోగులు వచ్చారు. రోగులతో వాళ్ళ వాళ్ళు వచ్చారు. అన్నాల వేళకి మ్యాపు మిరపకాయలు ఎండబోసిన కళ్ళంలా తయారైంది.

"ఏంటమ్మా ఇది?" అన్నారు విశ్వేశం గారు. నర్సుల చేతుల్లో పలకల్లాంటి తెరలు, వాటి మీద తిరుగుతూ ఆగని చక్రాలు.

"నీళ్ళండి," అంది తాయారు.

"ఎక్కడ కారాయి? ఆ ప్లంబర్ని పిలవండి ముందు."

"కారలేదండి. నడిచొచ్చాయి. మనిషంటే సగానికి పైగా ఉప్పునీళ్ళే కదండీ. వైర్‌లెస్ అలలు ఆ నీళ్ళల్లోకి దిగి ఇంక బయటికి రావట్లేదు. నేను గోడల్ని కొలిచాను, బాబాయిల్ని కొలవలేదు."

విశ్వేశం గారు డాక్టరు చూసే చూపు ఒకటి చూసి, డాక్టరు చేసే పని చేశారు. జబ్బు మూలాన్ని తీసేయమన్నారు. రోగికి ఒక్కరే తోడు, తక్కినవాళ్ళంతా గేటు బయట. వాచ్‌మన్‌కి ఈల కొనిచ్చారు. ఈలకి జడిసి ముందు గుమ్మంలోంచి వెళ్ళినవాళ్ళు క్యాంటీను గుమ్మంలోంచి లోపలికి వచ్చారు. ఒక మేనత్త అయితే మేనల్లుణ్ణి చూడ్డానికి మరో దారిలేక స్ట్రెచరు మీద పడుకుని దుప్పటి కప్పుకుంది. స్ట్రెచరు తోసేవాడు దాన్ని ఆపరేషను గదికి తోశాడు. మత్తు డాక్టరు పేరు అడగబట్టి గానీ, ఆవిడ అపెండిక్సు లేకుండానే ఇంటికి పోయేది. ఇది అబద్ధమనేవాళ్ళు ఆ ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళని ఆవిడ తన పొట్ట చూపించి మరీ తిడుతుంది.

మనుషుల్ని పంపడం కుదరదని తాయారుకి అర్థమైంది. అలని తాగే ఒళ్ళు దాన్ని కక్కేట్టు చెయ్యగలిగితే చాలు కదా అనుకుంది.

ఆమెకు పెళ్ళి లేదు, తల్లిదండ్రులు లేరు, ఉన్నదల్లా చెల్లెలు సుగుణ. సుగుణ మొగుడు ఓడ మీద ఇంజనీరు, ఎప్పుడు ఏ సముద్రంలో ఉంటాడో ఆ సముద్రానికే తెలియాలి. కడుపుతో ఉన్న చెల్లెల్ని తన ఇంట్లోనే పెట్టుకుని, పెరటి వసారాలో తాయారు పని మొదలుపెట్టింది. ఉప్పునీళ్ళ బిందెలు వరసగా పేర్చి చూసింది. బిందెలు తాగాయి గానీ ఏమీ తిరిగివ్వలేదు. గుమ్మడికాయలు పెట్టి చూసింది, అవీ అంతే. చివరికి పల్చటి రేకు ఒకటి తయారుచేసి తన జబ్బకి కట్టుకుంది. లోపల రక్తం వెచ్చగా పారుతుంటే, నాడి కొట్టుకున్నప్పుడల్లా ఆ రేకు ఒంట్లోకి దిగిన అలని పైకి తోడి, చెయ్యి చాచినంత దూరంలో ఉన్న పక్క ఒంటికి అందిస్తుంది. ఆ ఒళ్ళు దాని పక్క ఒంటికి. నాడి ఉండాలి, మనుషులు కదలకుండా దగ్గరగా కూర్చోవాలి, అంతే నియమం.

పాలవాణ్ణి, సుగుణని, తననీ అరుగు మీద వరసగా కూర్చోబెట్టి చూసింది. పాలవాడి దగ్గర ఎంత సిగ్నలు బయల్దేరిందో సుగుణ దాటాక అంతకు మించి వచ్చింది. లోపల రెండో గుండె ఉంది మరి.

"చూశావా అక్కా," అంది సుగుణ, "లోపలున్నవాళ్ళు అప్పుడే పెద్దమ్మ దగ్గర ఉద్యోగంలో చేరిపోయారు."

"నేను ఇంక పోవచ్చాండి? పాలు విరిగిపోతాయండి," అన్నాడు పాలవాడు.

రేకుకి తాయారు పెట్టిన పేరు ఇంగ్లీషులో పొడుగ్గా ఉండేది. జబ్బకి దారంతో కట్టేది కాబట్టి జనం దాన్ని తాయెత్తు అన్నారు, ఆ పొడుగు పేరు ఇంక ఎవరూ పలకలేదు.

ఆస్పత్రిలో తాయెత్తులు పంచిన రోజు నుంచి లోకం తిరగబడింది. ఎంత మంది కూర్చుంటే అంత పచ్చ. ఈల పట్టుకుని తరిమిన వాచ్‌మనే గేటు దగ్గర చేతులు కట్టుకుని, "రండి బాబూ, ఇంకెవరైనా ఉన్నారాండి వెనకాల?" అని అడగడం మొదలుపెట్టాడు. పొద్దున ఉప్మా, సాయంత్రం టీ ఆస్పత్రి లెక్క. ఎవరైనా కాళ్ళు పట్టేసి లేచి అటూ ఇటూ తిరిగితే మ్యాపు మీద అక్కడ ఎర్ర మచ్చ పడేది, అంచేత టీ వాళ్ళ దగ్గరికే వచ్చేది. రిసెప్షన్‌లో అమ్మాయి జబ్బేమిటని అడగడం మానేసి ఎంతమంది వచ్చారని అడిగేది. చుట్టాలు బాగా ఉన్నవాళ్ళకి మంచి గది. ఎవరూ లేనివాళ్ళకి మూల గది, దాని పక్కన మ్యాపు ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. నర్సు గుర్తుపెట్టుకుని వెళ్ళి చూస్తే చూసినట్టు.

మూడో అంతస్తు తాయారుకి తలనొప్పి. మెట్లెక్కగానే మూల పెట్టె, సిగ్నలంతా బయల్దేరేది అందులోంచే. అక్కణ్ణుంచి పొడవాటి వరండా. ఆ చివర నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు. ఆ పిల్లలకి నిద్రలో ఊపిరి తీసుకోవడం మర్చిపోయే గుణం ఉంటుంది. మర్చిపోయినప్పుడు అరికాలు గోకితే ఉలిక్కిపడి మళ్ళీ తీసుకుంటారు. అందుకని ప్రతి గాజు పెట్టెలోనూ పడక కింద ఒక రబ్బరు వేలు ఉండేది. పాప కాలికి కట్టిన చిన్న తాయెత్తు సంగతి చెప్తే, కంప్యూటరు ఆజ్ఞ పంపితే, ఆ వేలు వెళ్ళి గోకి వచ్చేది. కప్పు పెట్టెలకీ తాయెత్తులకీ ఒకే చోట పొసగలేదు, ఒకదాని మాట ఒకటి తొక్కేసేది. అంచేత మూడో అంతస్తు కప్పు పెట్టెలు తాయారే తీయించేసింది. విశ్వేశం గారు వాటిని పక్క ఊళ్ళో కడుతున్న కొత్త బ్లాకుకి పంపించేశారు. ఇంక ఆ వరండాకి నిండుగా, ఖాళీ లేకుండా, రోజుల తరబడి కూర్చునే చుట్టాలున్న రోగి కావాలి.

పేర్రాజు గారు దొరికారు.

ఎనభై దాటిన మనిషి. నాలుగు మండలాల్లో ఎవరి గట్టు తగాదా అయినా ఆయన అరుగు మీదే తెగేది. ఆయన కుదిర్చిన పెళ్ళిళ్ళలో పుట్టినవాళ్ళకి ఆయనే పెళ్ళిళ్ళు చేశారు. కాలేయం చెడి ఆస్పత్రికి వచ్చిన నాడు ఆయనతో వచ్చినవాళ్ళకి మెట్లు చాలలేదు. విశ్వేశం గారు ఆయన్ని మూడో అంతస్తు నడిమధ్య గదిలో పడుకోబెట్టారు. ఆ సాయంత్రం ఆ అంతస్తంత పచ్చదనం తాయారు ఏ ఆస్పత్రిలోనూ చూడలేదు.

ఆ వారంలోనే సుగుణకి ఏడో నెలలో నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల. అరచేతిలో పట్టేంత. పెద్దమ్మ ఉద్యోగంలో ముందే చేరిన పిల్ల ఇప్పుడు వరండా చివర గాజు పెట్టెలో, పేర్రాజు గారి బాబాయి మనవల ఒళ్ళ మీదుగా వచ్చే సిగ్నలుతో ఊపిరి పీలుస్తోంది. మొదటి రోజే రబ్బరు వేలు దాని కాలు చాలాసార్లు గోకింది.

తాయారు ఆ గది ముందు నుంచి లాప్‌టాప్‌తో పోతుంటే పేర్రాజు గారు పిలిచేవారు.

"అమ్మాయిగారూ, ఇవాళ నేనెలా ఉన్నానండి మీ పటంలో?"

"పచ్చగా ఉన్నారండి."

"ఒంట్లో పచ్చబడ్డాను, పటంలోనూ పచ్చే. మంచిది. మా సీతాయమ్మ అంటది, బతికినన్నాళ్ళూ ఊరి మీద పడి తిరిగావు, ఇప్పుడు ఊరు వచ్చి నీ మీద పడిందని."

మంచం పక్కన ముక్కాలి పీట మీద కూర్చున్న సీతాయమ్మ గారు తల తిప్పకుండానే అన్నారు. "ఆ అమ్మాయిని పని చేసుకోనివ్వండి. చెల్లెలు బిడ్డతో అవస్థ పడతంది."

"అవునంట కదా. ఎలా ఉందండి చంటిది?"

"ఊపిరి మర్చిపోతోందండి."

"చిన్నతనం కదా. నాకూ ఈ మధ్య గుర్తుండట్లేదు," అన్నారు పేర్రాజు గారు.

కొద్ది రోజులకి ఆయన కాళ్ళు ఉబ్బాయి, మాట మెల్లబడింది. ఆ జబ్బుకి ఇంక మందు లేదని వార్డు డాక్టర్లందరికీ తెలుసు. పెద్దకొడుకు భద్రరాజు వచ్చి విశ్వేశం గారి ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"డాక్టరు గారూ, మీరు చెయ్యాల్సింది చేశారు. నాన్నగార్ని ఇంటికి తీసుకెళ్ళిపోతామండి. ప్రాణం ఇంటి కప్పు కింద పోవాలని ఆయనకి పట్టుదల."

"అప్పుడే అంత మాట ఎందుకండి రాజు గారూ. ఇంకో పరీక్ష ఉంది. అది రానివ్వండి."

పరీక్ష వచ్చింది. తర్వాత ఇంకో పరీక్ష. గది మూల కూర్చుని లెక్కలు చూసుకుంటున్న తాయారుకి ఆ పరీక్షలెందుకో తెలుసు. పేర్రాజు గారు కదిలితే వరండా కదులుతుంది, వరండా కదిలితే ఆ చివర గాజు పెట్టెలు చీకటవుతాయి. ఆమె నోరు తెరిచి చెప్పొచ్చు. చెప్పలేదు. వెళ్ళి గాజులోంచి పాపని చూసి వచ్చి మళ్ళీ లెక్కల్లో కూర్చుంది. అలా ఒక రోజు గడిచింది, ఇంకోటి గడిచింది.

మూడో పరీక్ష మాట వచ్చిన పొద్దున ఆమె విశ్వేశం గారి గదిలోకి వెళ్ళి, కప్పు పెట్టెలు వెనక్కి తెప్పించమంది.

"ఎందుకు? బానే నడుస్తోందిగా?"

"మనిషిని కట్టేసి నడిపిస్తున్నామండి."

"నేను కట్టేశానా? వైద్యం చేస్తున్నాను."

"ఏ వైద్యమో నాకు చెప్పండి, నేను పెట్టెలు అడగను."

విశ్వేశం గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. చెడ్డవాడు కాదు, ఆయన తుడిచిన కళ్ళజోడులోంచి గాజు పెట్టెలు కూడా కనపడుతున్నాయి. "అందులో మీ చెల్లెలి బిడ్డ కూడా ఉందమ్మా," అన్నారు.

"అందుకే ఇన్నాళ్ళు అడగలేదండి."

పెట్టెలు పంపమని కబురు వెళ్ళింది. అవి రావాలి, కప్పు విప్పాలి, తీగలు లాగాలి, మళ్ళీ కొలవాలి, పిల్లల కాళ్ళ తాయెత్తులు ఒక్కొక్కటే మార్చాలి. ఎంత తొందర పడ్డా రెండు మూడు రోజుల పని. తాయారు తిన్నగా పేర్రాజు గారి గదికి వెళ్ళి, సీతాయమ్మ గారూ భద్రరాజూ ఉండగానే, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పరీక్షలు ఎందుకు వచ్చాయో కూడా.

భద్రరాజు మొహం కందిపోయింది. "అంటే మా నాన్నగార్ని కరెంటు స్తంభం చేశారా మీరు? పదండి, ఇప్పుడే ఎల్లిపోదాం. వ్యాను తిప్పమనండి."

పేర్రాజు గారు చెయ్యెత్తారు. ఎత్తడానికి కొంత సేపు పట్టింది.

"స్తంభమంటే మాటలా అబ్బాయ్. ఊళ్ళో ఒక్క స్తంభం కోసం నేను ఎన్నేళ్ళు తిరిగానో నీకేం తెలుసు." ఆయన తాయారు వైపు చూశారు. "ఆ పెట్టెలు వచ్చేదాకా ఉంటే చాలాండి?"

"చాలండి. కానీ మీకు ఇంటికి..."

"నా ఇల్లు ఎక్కడికీ పోదు. ఆ చంటిది ఊపిరి పీల్చడం అలవాటు చేసుకుంటంది, నేను మానడం అలవాటు చేసుకుంటన్నాను. ఇద్దరం ఒకే బడి. దాన్ని ఒంటరిగా వదిలి ఎల్లడం మర్యాద కాదు. ఉంటాను."

"ఉండడం మీ చేతుల్లో ఉందేంటండి?" అన్నారు సీతాయమ్మ గారు.

"ప్రయత్నం చేస్తానే," అన్నారాయన.

ప్రయత్నం చేశారు. పెట్టెలు వచ్చాయి. మేస్త్రీలిద్దరు నిచ్చెనలెక్కి, కింద కూర్చున్నవాళ్ళ నెత్తిన సుద్ద పొడి రాలకుండా గుడ్డలు పరిచి, కప్పు విప్పారు. సగం తీగలు లాగిన మధ్యాహ్నం, భోజనాలయి అందరూ తమలపాకులు మడుస్తున్న వేళ, పేర్రాజు గారు పోయారు. గదిలోంచి సీతాయమ్మ గారి గొంతు ఒక్కసారి వినపడింది, తర్వాత ఆడవాళ్ళ ఏడుపు మొదలైంది.

తాయారు వరండా ఈ చివర, మూల పెట్టె దగ్గర ఉంది. ఆమె తెర మీద మ్యాపు మారడం మొదలైంది. జనం లేచారు. లేస్తారని ఆమెకు తెలుసు. కొంతమంది గదిలోకి వెళ్తారు, తక్కినవాళ్ళు చూడ్డానికి ముందుకు వస్తారు, కాసేపటికి మళ్ళీ కూలబడతారు, ఈ లోపల కొంచెం ఎరుపు పడుతుంది, తట్టుకోవచ్చు అని లెక్క వేసుకుంది. కానీ జనం ముందుకు రాలేదు. వార్డు వైపు కూర్చున్నవాళ్ళు చాపలు చుట్టుకుని, తాయెత్తులు విప్పి కిటికీ గట్టు మీద పెట్టి, చెంగులు దగ్గరగా లాక్కుని, గోడవార నడుచుకుంటూ మెట్లు దిగుతున్నారు. ఒకరినొకరు తాకకుండా. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. వరండాలో వార్డు వైపు సగం ఖాళీ అయిపోయింది.

మైల. గోడల్ని కొలిచింది, నీళ్ళని కొలిచింది, నాడిని కొలిచింది. చావు మైల పట్టిన మనిషి పసిగుడ్డు ఉన్న వైపు నిలబడడని మాత్రం ఆమె లెక్కలో లేదు. ఆ ఊళ్ళో పుట్టి, తల్లి పోయినప్పుడు తానూ అలాగే పక్కకి జరిగిన మనిషి.

వార్డు గుమ్మంలో అప్పుడే ఒక అమ్మమ్మ అడ్డంగా నిలబడి ఉంది. "ఇటు రాకండి బాబూ, పురిటి పిల్లలున్నారు, మీకు దణ్ణం పెడతాను."

"రావట్లేదమ్మా, ఎల్లిపోతన్నాం," అన్నాడెవరో తల దించుకుని.

లోపల నర్సు ఒక్కతే ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి పరుగెత్తుతోంది. రబ్బరు వేళ్ళన్నీ ఆగిపోయాయి. సుగుణ తన పాప పెట్టెలో చెయ్యి పెట్టి అరికాలు గోకుతోంది, రెండో చేత్తో పక్క పెట్టెలో పిల్లాడి కాలు. తలకి గుడ్డ, చెవుల్లో దూది, అప్పటికి బాలింత మంచం దిగి ఎన్నాళ్ళో కాలేదు.

తాయారు భద్రరాజు దగ్గరికి వెళ్ళింది. అడగాల్సిన సమయం కాదని తెలుసు.

"రాజు గారూ, మీవాళ్ళని కాసేపు కూర్చోమనండి. పెట్టెలు పూర్తయ్యేదాకా."

"ఎలా కూర్చుంటారమ్మా? మైలండి." అతని గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మా వల్ల పసిపిల్లలకి కీడు అంటితే మా నాన్నగారి ఆత్మ ఒప్పుకోదు. పైగా తిథి బాలేదంట, పొద్దు గూకకుండా దహనం అయిపోవాలి. ఊరు చేరాలి. అందరం బయల్దేరాలి."

"మీరు కూర్చోకపోతేనే కీడండి."

"ఆ మాట అడగాల్సింది నన్ను కాదు. ఆ తల్లుల్ని అడగండి. వాళ్ళు రమ్మంటారా?"

అమ్మమ్మ గుమ్మంలోంచి కదల్లేదు. వెనక ఇంకో ఇద్దరు చేరారు. వాళ్ళని పక్కకి జరుపుకుంటూ సుగుణ బయటికి వచ్చింది. పాపని ఇంకో తల్లికి అప్పజెప్పి వచ్చింది, గోడ పట్టుకుని నడుస్తోంది.

"బాబుగారూ, మీది చావు మైల," అంది. "మాది పురిటి మైల. లోపలున్న ఆడవాళ్ళం ఎవరం ఇంకా పురిటి స్నానం చెయ్యలేదు. మమ్మల్ని ముట్టుకుంటే మీరు స్నానం చెయ్యాలి, మిమ్మల్ని ముట్టుకుంటే మేం చెయ్యాలి. ఇద్దరమూ చేసేదే కదా. మైలకి మైల ఏం అంటుతుంది?"

భద్రరాజు చూపు గది గుమ్మం వైపు వెళ్ళింది. అక్కడ సీతాయమ్మ గారు నిలబడి ఉన్నారు, నుదుట బొట్టు అలాగే ఉంది.

"శాస్త్రం బాగానే చెప్పింది పిల్ల," అన్నారావిడ. "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు, మోసేవాళ్ళు నలుగురు, పంతులు, మీరు ఎల్లండి. తక్కినవాళ్ళు కూర్చుంటారు."

"నువ్వమ్మా?"

"నేనూ కూర్చుంటాను. ఆయన ముందు ఎల్లడం, నేను వెనకాల రావడం కొత్తేం కాదు. పెళ్ళినాటి నుంచీ అంతే."

ఆవిడ వచ్చి వార్డు గుమ్మం పక్కన, అమ్మమ్మ కాళ్ళ దగ్గర, నేల మీద కూర్చున్నారు. కిటికీ గట్టు మీంచి ఒక తాయెత్తు తీసి తనే కట్టుకోబోయారు, ముడి పడలేదు. అమ్మమ్మ ఒక నిమిషం చూసింది. వంగి ఆవిడ జబ్బకి ముడి వేసింది. వేశాక ఎటూ తాకేశాను గదా అన్నట్టు ఆవిడ పక్కనే కూలబడింది.

మెట్ల దగ్గర ఆగిపోయినవాళ్ళు వెనక్కి వచ్చారు. బాలింతల్లో నడవగలిగినవాళ్ళు బయటికి వచ్చి వాళ్ళ మధ్య కూర్చున్నారు. తలగుడ్డలూ పైపంచెలూ కలిసిపోయాయి. తాయారు లాప్‌టాప్ పట్టుకుని వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరినీ జరుపుకుంటూ వచ్చింది. ముందే దిగిపోయిన కొంతమంది ఒక వ్యానులో వెళ్ళిపోయారు, వరస చాలడం లేదు. మెట్ల వైపు రెండు చోట్ల చెయ్యి చాపినా అందనంత ఖాళీ. మొదటి ఖాళీ దగ్గర విశ్వేశం గారు నిలబడి ఉన్నారు, ఏదో సంతకం కోసం వచ్చి.

"డాక్టరు గారూ, కూర్చోండి."

"నేనా?"

"మీకూ నాడి ఉందిగా అండీ."

ఆయన తెల్లకోటుతోనే నేల మీద కూర్చున్నారు. మోకాళ్ళు మడవడానికి పక్కనున్న రైతు సాయం చేశాడు.

రెండో ఖాళీ మూల పెట్టె పక్కనే. అటు మెట్లు, ఇటు పేర్రాజు గారి తోడల్లుడి మనవడు. మేస్త్రీలు నిచ్చెన దిగకూడదు, నర్సు వార్డు వదలకూడదు. తాయారు చుట్టూ చూసింది, ఇంకెవరూ లేరు. అంత కాలం ఆమె మ్యాపుని పై నుంచి చూసిన మనిషే తప్ప, అరుగు మీద పాలవాడి పక్కన కూర్చున్న రోజు తర్వాత, అందులో ఎప్పుడూ లేదు. లాప్‌టాప్ మూసి గోడకి ఆనించి, తాయెత్తు కట్టుకుని కూర్చుంది.

ఇంక ఆమెకు పచ్చా ఎరుపూ ఏదీ కనపడదు. ఇటు పక్కనున్నవాడి భుజం వెచ్చగా తగులుతోంది, అతను ఏడుపు ఆపుకోవడానికి ఊపిరి బిగబట్టి వదులుతున్నాడు. వరండా ఆ చివర ఏం జరుగుతోందో తెలియదు. అందిందో లేదో తెలియదు. వెళ్ళి చూడాలంటే లేవాలి, లేస్తే అందేది కూడా అందదు. ఆమె లేవలేదు.

కొంతసేపటికి ఆ చివర నుంచి ఒక మాట బయల్దేరింది. పాప పెట్టె దగ్గరికి తిరిగి వెళ్ళిన సుగుణ గుమ్మంలో ఉన్నావిడతో చెప్పింది, ఆవిడ పక్కవాళ్ళతో చెప్పింది. సిగ్నలు వచ్చిన దారినే మాట వెనక్కి వస్తోంది, సిగ్నలు కంటే చాలా మెల్లగా, అందరి నోళ్ళూ తడుముకుంటూ. విశ్వేశం గారి దాకా వచ్చింది, ఆయన రైతుకి చెప్పారు, రైతు ఇటు వైపు చెప్పాడు. చివరికి పక్కనున్న మనవడు తాయారు వైపు వంగాడు.

"చంటిది కాలు లాక్కుందంటండి," అన్నాడు. "వేలు గోకిందంట."

తాయారు తల ఊపింది. ఆమె తర్వాత చెప్పడానికి ఎవరూ లేరు, మూల పెట్టె తప్ప.

గదిలోంచి పేర్రాజు గారిని తీసుకొచ్చారు. మోసేవాళ్ళు వరసకి తగలకుండా గోడవార అడుగులో అడుగు వేసుకుంటూ నడిచారు. కూర్చున్నవాళ్ళ తలల మీదుగా ఆయన వెళ్ళారు. మెట్ల వైపు తిప్పే ముందు సీతాయమ్మ గారి దాకా తెచ్చి ఆపారు. ఆవిడ చెయ్యెత్తి తెల్లగుడ్డ అంచు ఒకసారి ముట్టుకుని చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు. నాలుగు మండలాల్లో ఎవరు పోయినా ముందు నడిచిన మనిషి వెంట, కొడుకూ పంతులూ తప్ప మెట్లు దిగినవాళ్ళు లేరు.

కింద వ్యాను తలుపు వేసిన చప్పుడైంది. కిటికీ గట్టు కూర్చున్నవాళ్ళ తలల కంటే ఎత్తు. లేచి చూస్తే కనపడుతుంది. ఎవరూ లేవలేదు.

భద్రరాజు గొంతు, ఇంకో రెండు మూడు గొంతులు, కాలువ గట్టు మీద పల్చగా లేచాయి. "గోవిందా."

పైన వరండాలో అందరూ కూర్చున్నచోట కూర్చునే, పిల్లలు లేవకుండా, పెదవుల కింద పలికారు. "గోవిందా."

నిచ్చెన మీద మేస్త్రీలు తీగ లాగుతూనే ఉన్నారు.